కాలనీ ఖాళీ స్థలంలో నడకదారి: చివరికి నిలిచిన పద్ధతి (నా అనుభవం)

అనంతపురంలో మా కాలనీ ఖాళీ స్థలమంతా కంపచెట్లే. బరువు తగ్గమని డాక్టర్లు చెప్పినా ఆడవాళ్లకు నడిచే చోటు లేదు. రోడ్డు పక్కన నడక, పైపైన కంప కొట్టించడం, ఏదీ నిలవలేదు.

పనిచేసింది ఇది. ముందు రాతపూర్వక అనుమతి. తర్వాత జేసీబీతో కంపను వేళ్లతో సహా పెకలించాం. మొదలు మిగిలితే మళ్లీ చిగురిస్తుంది. నేల చదును చేసి, 6 అడుగుల వెడల్పున గరుసు (సన్న కంకర కలిసిన మట్టి) 4 అంగుళాల మందం పరిచి, నీళ్లు చల్లి రోలర్ తిప్పాం. మధ్యలో 2 అంగుళాలు ఎత్తు ఉంచాలి, ఇదే ముఖ్యం. లేకుంటే వాన నీరు నిలిచి గుంటలు పడతాయి. ఆఖరున లైట్లు. ఈ ఎండలకు నడిచేది తెల్లవారకముందో, చీకటి పడ్డాకో కదా.

వారానికి 150 నిమిషాల చురుకైన నడక ఇప్పుడు ఎవరికైనా వీలవుతుంది. బరువు తగ్గడానికి తిండి కూడా చూసుకోవాలి. మాది ఎర్రనేల, కర్నూలు వైపు నల్లరేగడిలో గరుసు కుంగుతుంది, అక్కడ ఈ మందం చాలకపోవచ్చు.