తూము షట్టర్ మీద నీటి ఒత్తిడి: లెక్క ఎక్కడ తప్పుతుంది?

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు అనంతపురం వైపు ఒక చెరువు తూముకు కొత్త షట్టర్ పెట్టించాం. లెక్క కట్టింది నేనే. మీటరు ఎత్తు, మీటరు వెడల్పు ఇనుప పలక. ఆ ఏడు వానలు బాగా పడి చెరువు నిండి మరవ (అలుగు) పారింది. వారం తిరక్కముందే చెరువు నీళ్ళు చూసుకునే నీరుగంటి కబురు పెట్టాడు: "సార్, తూము మూస్తావుంటే కడ్డీ వంగిపాయ." వెళ్ళి చూస్తే తలుపును ఎత్తి దించే ఆరు మీటర్ల రాడ్డు విల్లులా వంగి ఉంది. మరలకు పూసిన గ్రీజు ఒక పక్క పూర్తిగా నలిగిపోయి ఇనుము మెరుస్తోంది. తలుపు సగంలో ఇరుక్కుంది. గడ్డి మోపులు, ఇసుక మూటలు వేసి నీళ్ళు ఆపడానికి ఊరివాళ్ళు రెండు రాత్రులు కట్ట మీదే ఉన్నారు. ఆ తప్పు ఇంకొకరు చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను.

సమస్య: తలుపు లేవదు, లేదా మూసేటప్పుడు రాడ్డు వంగుతుంది

కారణం: నేను లోతును షట్టర్ పై అంచు నుంచి కొలిచాను. మీటరు పలక కదా, దాని నడిమి బిందువు అర మీటరు కింద ఉందని రాసుకున్నాను. కానీ పలక ఎక్కడుందో నీటికి పట్టదు, దాని మీద ఎంత నీరు నిలబడిందన్నదే లెక్క. లోతు ఎప్పుడూ నీటి మట్టం నుంచే కొలవాలి.

పరిష్కారం: ఘనమీటరు నీళ్ళు టన్ను బరువు. కాబట్టి నీటి మట్టం నుంచి పలక నడిమి బిందువు దాకా లోతును మీటర్లలో తీసుకుని, పలక వైశాల్యంతో గుణిస్తే బలం నేరుగా టన్నుల్లో వస్తుంది. మా చెరువులో తూము గడప మీద నీళ్ళు 5 మీటర్లు. నడిమి బిందువు లోతు 4.5 మీటర్లు, వైశాల్యం 1 చదరపు మీటరు, బలం 4.5 టన్నులు. నేను రాసుకున్నది 0.5. తొమ్మిదింతల తేడా! కిలోన్యూటన్లు కావాలంటే 9.81తో గుణించండి, 44 వస్తుంది. ఒక్కసారే గుణించండి. టన్నుల్ని కిలోన్యూటన్లుగా మార్చాక మళ్ళీ 9.81 పెట్టేవాళ్ళను చాలామందిని చూశాను.

ఇక ఘర్షణ. ఇనుము ఇనుము మీద రాసుకునేచోట ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే, అంటే నీటి బలంలో 0.4 వంతు, 1.8 టన్నులు. తలుపు బరువు 200 కిలోలు. ఎత్తేటప్పుడు రెండూ కలిసి 2 టన్నుల లాగుడు. దించేటప్పుడు తలుపు బరువు మనకు సాయం, అయినా ఇంకా 1.6 టన్నులు కిందికి నెట్టాలి. లాగితే సన్న కడ్డీ కూడా తట్టుకుంటుంది, నెట్టితే వంగుతుంది. 40 మిల్లీమీటర్ల ఉక్కు రాడ్డు, ఆరు మీటర్ల పొడవునా మధ్యలో పట్టు లేకపోతే, దాదాపు 0.7 టన్ను దగ్గరే విల్లవుతుంది. నా తప్పు లెక్క ప్రకారం ఘర్షణ 0.2 టన్ను, తలుపు బరువుతో సరిపోయింది, నెట్టాల్సిన పనే లేదనిపించింది!

రాడ్డు లావు పెంచడం కంటే మధ్యలో గైడ్లు బిగించడం మేలు. రెండు గైడ్లు పెడితే పొడవు మూడు ముక్కలవుతుంది, తట్టుకునే నెట్టుడు తొమ్మిదింతలు. మేం చివరికి అదే చేశాం. ఇప్పుడు నీరుగంటి ఒక్కడే చక్రం తిప్పి మూస్తాడు.

మన చెరువు పలకకే ఇంత ఉంటే తుంగభద్ర గేటు సంగతి చూడండి. ఎగువ, దిగువ కాలువల్లో మన జిల్లాలకు నీళ్ళొచ్చేది అక్కడినుంచే. గేటు 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. పై అంచుదాకా నీళ్ళుంటే ఒక్కో గేటు మీద దాదాపు 340 టన్నులు. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆ సంఖ్యను నేను కాగితం మీద మళ్ళీ మళ్ళీ కట్టి చూశాను.

సమస్య: బలం సరిగ్గానే వచ్చింది, కీలు దగ్గర టార్క్ (తిప్పే బలం) తప్పుతోంది

కారణం: బలం మొత్తం పలక నడిమి బిందువు దగ్గరే పనిచేస్తుందని అనుకోవడం. లోతుకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి అది పనిచేసే చోటు, అంటే పీడన కేంద్రం, ఇంకాస్త కిందికి ఉంటుంది.

పరిష్కారం: మీటరు ఎత్తు పలకకు పై అంచున కీలు, నీళ్ళు సరిగ్గా ఆ అంచుదాకా ఉన్నాయనుకోండి. మీటరు వెడల్పుకు బలం 4.9 కిలోన్యూటన్లు. పీడన కేంద్రం నీటి మట్టం నుంచి పలక ఎత్తులో మూడింట రెండు వంతుల కింద. టార్క్ 3.27 కిలోన్యూటన్-మీటర్లు. నడిమి బిందువు తీసుకుంటే 2.45 వస్తుంది, పావు వంతు తక్కువ. గొళ్ళెం విరిగేది ఆ పావు వంతు దగ్గరే. కీలు కింద ఉంటే ఇదే తప్పు టార్క్‌ను ఎక్కువ చేసి చూపిస్తుంది, కాబట్టి ప్రమాదం లేదు, ఇనుము మాత్రం దండగ.

అయితే ఆ మూడింట రెండు వంతుల సూత్రం పలక పై అంచు నీటి మట్టంలో ఉన్నప్పుడే. మా తూముకు దాన్ని వాడితే 3.33 మీటర్లు వస్తుంది. పలక ఉన్నదేమో 4 నుంచి 5 మీటర్ల మధ్య! పీడన కేంద్రం పలక బయట పడిందంటే కాగితం పక్కన పెట్టి మొదటినుంచి కట్టండి. దీర్ఘచతురస్రపు నిలువు పలకకైతే, ఎత్తు వర్గాన్ని నడిమి బిందువు లోతుకు 12 రెట్లతో భాగిస్తే, ఆ బిందువు కంటే ఎంత కిందికో తెలుస్తుంది. మా పలకకు 1.85 సెంటీమీటర్లే. లోతు పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది.

సమస్య: కట్ట వాలు మీద పడుకున్న పలకకు జవాబు కుదరదు

కారణం: వాలు వెంట దూరమూ నిలువు లోతూ ఒకటే అనుకోవడం. బలానికి నిలువు లోతు కావాలి, పీడన కేంద్రానికి నీటి అంచు నుంచి వాలు వెంట టేపు పెట్టి కొలిచిన దూరం కావాలి. 30 డిగ్రీల వాలు, 2 మీటర్ల పొడవు పలక, నడిమి బిందువు వాలు వెంట 6 మీటర్లు, నిలువుగా 3 అనుకోండి. పై సూత్రంలో లోతు బదులు 6, ఎత్తు బదులు పలక పొడవు పెడితే, నడిమి బిందువుకూ పీడన కేంద్రానికీ సరైన తేడా 5.6 సెంటీమీటర్లు. 3తో కడితే రెట్టింపు.

సమస్య: రెండు పక్కలా నీళ్ళున్నాయి

పలక రెండు వైపులా పూర్తిగా మునిగి ఉంటే మట్టాల తేడాను వైశాల్యంతో గుణించండి చాలు, ఆ బలం నడిమి బిందువు దగ్గరే పనిచేస్తుంది. ఒక పక్క సగమే మునిగితే దేనికది విడిగా కట్టి తీసేయండి. గాలి ఒత్తిడి రెండు పక్కలా ఉంటుంది కాబట్టి వదిలేయండి.

సమస్య: వంపు గేటుకు టార్క్ సున్నా వస్తోంది

ఇది తప్పు కాదు. శ్రీశైలం డ్యాం మీది 12 గేట్లూ ఇలాంటివే. నీటి ఒత్తిడి ప్రతిచోటా ఉపరితలానికి లంబంగా ఉంటుంది. వంపు కేంద్రం గేటు తిరిగే పిన్ను దగ్గరే ఉంటే ప్రతి బలమూ పిన్ను గుండా పోతుంది, తిప్పే శక్తి మిగలదు. ఎత్తే యంత్రం మోసేది గేటు బరువు, అంచు రబ్బర్ల రాపిడి, పిన్ను దగ్గర ఘర్షణ. నీటి బలమంతా ఆ పిన్ను మీదే ఆనుతుంది కాబట్టి దాని గ్రీజు ఎండిపోతే సున్నా అనుకున్న చోట పెద్ద టార్కే పుడుతుంది.