బొమ్మ విమానం ఒకే పక్కకు తిరిగిపోతోందా? తోకలోని రడ్డర్ మీద చెయ్యి వేయకండి

రబ్బరు చుట్టి ప్రొపెల్లర్‌తో ఎగరేసే మీ బొమ్మ విమానం ముక్కెత్తి, ఆగి, కిందికి జారి, మళ్లీ ముక్కెత్తుతోందా? అది బ్యాలెన్స్ లోపం. రబ్బరు బిగించాకే చూడాలి, అది లేకుండా చూస్తే లెక్క తప్పుతుంది. మామూలు డిజైన్‌లో రెక్క వెడల్పు (ముందంచు నుంచి వెనకంచుకు) 10 సెంటీమీటర్లుంటే ముందంచు నుంచి దాదాపు 3 సెంటీమీటర్ల దగ్గర రెండు వేళ్ల మీద నిలబెట్టండి. తోక వాలితే ముక్కులో కొంచెం మైనం పెట్టండి. అర నిమిషం పని. విజయనగరంలో మా క్లబ్‌కి వచ్చే పిల్లల్లో సగం మంది ఇది చూడకుండానే తోక వంచడం మొదలుపెడతారు!

అసలు తలనొప్పి రెండోది. విమానం ఎప్పుడూ ఎడమకే తిరిగి నేలకు తగులుతుంది. అందరూ రడ్డర్‌ని, అంటే తోక మీద నిలువుగా ఉండే పలకని, కుడికి వంచుతారు. నేనూ వంచాను, మూడు ఆదివారాలు పోగొట్టుకున్నాను. చేత్తో వదిలితే నేరుగా పోయేది, రబ్బరు నిండా చుట్టి వదిలితే మళ్లీ ఎడమకే. ప్రొపెల్లర్ తిరుగుడు వల్ల అనుకుని ముక్కు కుడికి తిప్పాను. అయినా అంతే.

చివరికి చూస్తే రెక్క మెలి తిరిగి ఉంది. ఇంట్లో బల్ల మీద సరిగ్గానే ఉండేది. తెల్లవారుజామున మంచులో మైదానానికి తెచ్చి, తర్వాత ఎండలో బండి సీటు మీద పెట్టేవాణ్ని. బాల్సా అనే తేలిక చెక్కకు అంటించిన టిష్యూ (పల్చటి కాగితం) తేమకు వదులై, ఎండకు బిగుసుకుంటుంది. రెండు వైపులా సమానంగా బిగుసుకోదు, అక్కడే మెలిక పడుతుంది.

కనుక్కోవడం సులువు. విమానాన్ని తోక వైపు నుంచి, ఒక కన్ను మూసి చూడండి. కుడి రెక్క వెనకంచు కిందికి దిగినా, ఎడమది పైకి లేచినా ఎడమకే పోతుంది. వెనకంచు దిగిన రెక్కను గాలి ఎక్కువగా పైకెత్తుతుంది. రెండు రెక్కల కొనల్లోనూ వెనకంచు సమానంగా కాస్త పైకి ఉంటే మాత్రం ముట్టుకోకండి, అది మంచిదే.

టీ కెటిల్ ఆవిరి మీద మెలి తిరిగిన రెక్కను కాసేపు పట్టి, ఎదురు దిక్కుకు కావలసినదానికన్నా కొంచెం ఎక్కువ మెలి పెట్టి, చల్లారి ఆరేదాకా చేతులు తీయకండి. తొందరపడితే పాత మెలికే తిరిగి వస్తుంది. ఫోమ్ రెక్కైతే ఆవిరి వద్దు, హెయిర్ డ్రయర్ దూరం నుంచి. దగ్గర పెడితే కరిగిపోతుంది. మెలిక పోయాక రడ్డర్‌ని, ముక్కుని పాత చోటికి తెచ్చి మొదటి నుంచి చూసుకోండి.

చుట్టినప్పుడే ఎడమకు పోయి, చేత్తో వదిలితే తిన్నగా పోతుంటే అప్పుడు ప్రొపెల్లర్ సంగతి ఆలోచించండి. మెలిక చూసుకున్నాక మాత్రమే! విరిగిన ప్రొపెల్లర్, ముసలి రబ్బరు, ఊడిన తోక లాంటివి చూడగానే తెలుస్తాయి. థర్మోకోల్ మీద ఫెవిక్విక్ పోసి కన్నాలు పడ్డాయని అడగొద్దు.

ఈ సర్దుబాట్లన్నీ తెల్లవారిన వెంటనే, గాలి లేనప్పుడే చేయండి. ఎండ ముదిరి సముద్రం వైపు నుంచి గాలి మొదలయ్యాక ఏ విమానమైనా ఎడమకే పోతుంది, లేదా కుడికే.