స్పీకర్లకు గదిలో చోటు కుదర్చడం

స్పీకర్ల ధ్వని తృప్తినివ్వనప్పుడు కొత్తవి కొనడానికి ముందు కొలత టేపు చేతబట్టి ఉన్నవాటినే జరిపి చూడాలి. మనకు వినిపించేది స్పీకరు నుంచి నేరుగా వచ్చే ధ్వని ఒక్కటే కాదు. గోడలకూ నేలకూ పైకప్పుకూ తగిలి కొద్ది మిల్లీసెకన్ల తరువాత చేరే ధ్వని కూడా అందులో కలిసి ఉంటుంది.

మొదట కుర్చీ స్థానం తేల్చుకోవాలి. 4 మీటర్ల పొడవున్న గదిలో, ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు కాబట్టి, సుమారు 43 హెర్ట్జ్ (సెకనుకు 43 కంపనాలు) వద్ద రెండు ఎదురెదురు గోడల మధ్య స్థిరతరంగం, అంటే ముందుకు సాగక అక్కడే నిలిచినట్టుండే తరంగం, ఏర్పడుతుంది. ఆ స్వరం గోడల దగ్గర ఉబ్బినట్టు, గది నడుమ దాదాపు మాయమైనట్టు వినిపిస్తుంది. అందువల్ల వీపును గోడకు ఆనించి కూర్చోవడమూ సరిమధ్యలో కూర్చోవడమూ రెండూ మంచివి కావు. ఏదో ఒక గోడ నుంచి పొడవులో 38 శాతం దూరం, అంటే ఈ గదిలో సుమారు 1.5 మీటర్లు, ప్రయత్నం మొదలుపెట్టడానికి అనువైన చోటు.

తరువాత రెండు స్పీకర్లూ మన తలా ఒక సమబాహు త్రిభుజంగా ఏర్పడేలా, ట్వీటర్లు (స్పీకరులో పైస్వరాలు పలికే చిన్న భాగాలు) చెవి ఎత్తులో ఉండేలా అమర్చాలి. స్పీకరు ముందు భాగం ఆ స్పీకరు వెనక ఉన్న గోడకు 1 మీటరు దూరంలో ఉంటే, గోడకు తగిలి తిరిగి వచ్చే తరంగం సుమారు 86 హెర్ట్జ్ వద్ద అసలు తరంగానికి ఎదురై దాన్ని బలహీనపరుస్తుంది. దూరం సగమైతే ఈ లోపం 171 హెర్ట్జ్‌కు జరుగుతుంది. దీన్ని పూర్తిగా తప్పించలేము గాని, వెనక గోడకూ పక్క గోడకూ నేలకూ ఉన్న దూరాలు సమానం కాకుండా చూసుకుంటే లోపాలన్నీ ఒకే స్వరం దగ్గర పోగుపడవు.

ఇక గోడల సంగతి. మీరు కుర్చీలో కూర్చుని, పక్క గోడ వెంట ఒక అద్దాన్ని నెమ్మదిగా జరపమని ఇంకొకరిని అడగండి. అద్దంలో ట్వీటరు కనిపించిన చోటే తొలి ప్రతిఫలనం పుడుతుంది. రాక్‌వూల్ (రాతి నారతో చేసిన, ధ్వనిని పీల్చే పదార్థం) పలకను గుడ్డతో కప్పి అక్కడ బిగించాలి. మందం 10 సెంటీమీటర్లు ఉంటే మేలు, గోడకూ పలకకూ మధ్య కొంత ఖాళీ వదిలితే ఇంకా మేలు. ఎందుకంటే గోడను ఆనుకొని ఉన్న గాలి కదలదు, ఈ పదార్థమేమో కదిలే గాలినే నిలువరించగలదు. 100 హెర్ట్జ్ తరంగంలో ఆ కదలిక గోడకు సుమారు 86 సెంటీమీటర్ల దూరంలో గరిష్ఠంగా ఉంటుంది. పలుచని ఫోమ్ గాని, గుడ్ల అట్టలు గాని బాస్‌ను, అంటే కిందిస్వరాలను, తాకలేకపోవడానికి కారణమిదే. పైగా గదినంతా పలుచని ఫోమ్‌తో నింపితే పైస్వరాలు మాత్రమే చచ్చి, సంగీతం మబ్బు పట్టినట్టు అవుతుంది. బాస్ కోసం గది మూలల్లో ఇలాంటి పదార్థంతోనే చేసిన మందమైన దిమ్మెలు పెట్టడమే సరైన మార్గం.

చివరగా ఒకే గొంతు ఉన్న రికార్డింగును మోనోలో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని వచ్చేలా, పెట్టి, ఆ గొంతు రెండు స్పీకర్ల నడుమ ఒక మనిషి నిలబడి పాడుతున్నంత ఇరుకుగా, స్థిరంగా వినిపించే దాకా స్పీకర్లను రెండేసి సెంటీమీటర్లు జరుపుతూ, లోపలికి కొద్దికొద్దిగా తిప్పుతూ వెళ్లండి. కుదిరిన చోట స్పీకరు స్టాండు నాలుగు మూలలనూ నేలపై టేపుతో గుర్తించుకుంటే, ఊడ్చేటప్పుడు స్టాండు కదిలినా మళ్లీ అక్కడే నిలపవచ్చు.