టైల్స్ పగలగొట్టే ముందు గాలి పైపు చూసుకోండి

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ మార్పించేవారు టైల్స్ రంగు గురించి రోజుల తరబడి ఆలోచిస్తారు, మురుగు పైపుకు గాలి అందించే గాలి పైపు గురించి ఒక్క పూట కూడా ఆలోచించరు.

– పక్క బాత్రూమ్‌లో ఫ్లష్ చేసినప్పుడు మీ నహానీ ట్రాప్‌లో (నేల మీది నీళ్లు పోయే రంధ్రం కింద నీళ్లు నిలిచే భాగం) నీళ్లు బుడబుడమంటున్నాయా? పైపుకు గాలి అందక ట్రాప్‌లోని నీటిని లాగేస్తూ ఉండవచ్చు. దాదాపు 50 మిల్లీమీటర్ల లోతున నిలిచే ఆ నీళ్లే మురుగు వాయువుకు అడ్డు. అవి పోతే ఎంత ఫినాయిల్ పోసినా కంపు తగ్గదు. ఈ పరీక్ష రెండు మూడు సార్లు చేయండి.

– గాలి పైపు డాబా దాటి పైకి వెళ్లి, కిటికీలకు దూరంగా తెరుచుకోవాలి. కొనకు జాలీ మూత తప్పనిసరి. వాననీటి పైపుకు మాత్రం కలపనివ్వకండి, “అందరూ ఇలాగే చేస్తారు సార్” అని ప్లంబర్ ఎంత నచ్చజెప్పినా సరే.

– నిలువు పైపు అన్ని అంతస్తులవారిదీ. నివాసుల సంఘానికి చెప్పకుండా కోయించవద్దు.

– పాత కమోడ్ తీయగానే పైపు నోరు గట్టిగా మూయించండి. లేకపోతే వాయువు పైకి వస్తుంది, టైల్స్ ముక్కలు లోపల పడతాయి.

– గాలి పైపు చేసే పనిని ఎగ్జాస్ట్ ఫ్యాన్ చేయలేదు.

– కొత్త అతుకులను టైల్స్ పరచకముందే నీళ్లు నింపి పరీక్షించండి.