ఉక్కపోతలో చక్కెర ఎస్టర్ తయారీ

చక్కెరకు కొవ్వు ఆమ్లాన్ని అతికిస్తే వచ్చే, నూనెనూ నీళ్లనూ కలిపే పదార్థమే చక్కెర ఎస్టర్. చెన్నై ల్యాబ్‌లో దీన్ని తయారుచేసే చర్యకు మొదటి శత్రువు గాలిలోని తేమే. చక్కెరను మెత్తగా పొడిచేసి 80 డిగ్రీల వాక్యూమ్ ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టండి. తడి మిగిలితే ఎస్టర్ బదులు సబ్బు వస్తుంది.

ఫ్యూమ్ హుడ్‌లో 103 గ్రాముల చక్కెరను 300 మి.లీ. తడిలేని డీఎంఎస్‌ఓలో (డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావణిలో) కరిగించి, 30 గ్రాముల మిథైల్ స్టియరేట్ (కొవ్వు ఆమ్లాన్ని అందించేది), 1.4 గ్రాముల పొటాషియం కార్బొనేట్ (చర్యను నడిపే క్షారం) వేయండి. చక్కెర మోల్స్, అంటే అణువుల లెక్క, మిథైల్ స్టియరేట్‌కు మూడు రెట్లుండాలి. చక్కెర అణువులో కొవ్వు ఆమ్లం అతుక్కోగల హైడ్రాక్సిల్ సమూహాలు 8 ఉన్నాయి మరి, చక్కెర తగ్గితే డైఎస్టర్లు (ఒకే అణువుకు రెండు కొవ్వు ఆమ్లాలు అతుక్కున్నవి) పెరిగి నీళ్లలో కలవని సరుకు మిగులుతుంది. 90 డిగ్రీల దగ్గర, వాక్యూమ్‌లో 9 గంటలు కలియబెట్టాలి. వాక్యూమ్ చర్యలో పుట్టే మిథనాల్‌ను లాగేయడానికే. మిథనాల్ ఉండిపోతే చర్య ముందుకు సాగదు. తొందరపడి వేడి పెంచారో, పాకం మాడినట్టు గోధుమరంగే!

కొద్దిగా సిట్రిక్ ఆమ్లంతో క్షారాన్ని తటస్థం చేశాకే బ్యూటనాల్, ఉప్పునీళ్లు పోయండి. ఎస్టర్ బ్యూటనాల్‌లోకి, మిగిలిన చక్కెర ఉప్పునీళ్లలోకి పోతాయి. ఈ ల్యాబ్ సరుకును తిండిలోగాని క్రీముల్లోగాని వాడొద్దు.