నాలుక మీద తెల్లపూత: ప్రోబయాటిక్స్‌తో తగ్గలేదు, ఇలా తగ్గింది

ఆస్తమాకి బ్యుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మొదలుపెట్టిన రెండు నెలలకు నా నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తరకల్లాంటి తెల్లమచ్చలు వచ్చాయి. గీకితే కింద ఎర్రగా పచ్చిగా ఉండేది. ఆవకాయ ముద్ద పెట్టుకుంటే కళ్లలో నీళ్లే.

కడుపులో ఈస్ట్ పెరిగిందని ఎవరో చెబితే ప్రోబయాటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) క్యాప్సూల్స్, బీకాంప్లెక్స్, మజ్జిగ, చక్కెర మానేయడం అన్నీ చూశాను, లాభం లేదు.

చివరికి డాక్టర్ గారు టార్చి వేసి చూసి, ఇది క్యాండిడా అనే ఫంగస్, ఇన్‌హేలర్ మందు నోట్లో నిలిచిపోవడం వల్ల వచ్చింది అన్నారు. షుగర్ ఉన్నా వస్తుందని ఆ పరీక్ష కూడా చేయించారు. నార్మల్.

క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ రాసిచ్చారు. తిన్నాక నోరు కడుక్కుని, మచ్చల మీద చుక్కలు వేసి, అరగంట ఏమీ తాగకుండా ఉండేదాన్ని. మచ్చలు ఐదో రోజుకే పోయాయి, అయినా చెప్పినన్ని రోజులూ వేశాను.

మళ్లీ రాకుండా ఆపింది మాత్రం ఇన్‌హేలర్ తీసుకునే పద్ధతి. స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) కొన్నాను. పఫ్ పీల్చాక నీళ్లు పుక్కిలించి, గొంతు దాకా గార్గిల్ చేసి ఉమ్మేస్తాను, మింగను. మరిచిపోకుండా పఫ్‌ని బ్రష్‌కి ముందుకు మార్చాను. స్పేసర్‌ని వారానికోసారి సబ్బునీళ్లతో కడిగి, తుడవకుండా గాలికే ఆరనిస్తాను. గుడ్డతో తుడిస్తే మందు లోపలి గోడలకు అంటుకుంటుందట.

ఇన్‌హేలర్ వాడనివాళ్లకు కారణం వేరే ఉండొచ్చు, చూపించుకోండి. దయచేసి మచ్చలకు భయపడి ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి. నాకు ఎనిమిది నెలలుగా రాలేదు.