లండన్ నుంచి పారిస్‌కు రైల్లో పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావాలంటే

ఒక్కరోజు పారిస్ ప్రయాణానికి టికెట్ కొనేటప్పుడు అందరూ ముందు పొద్దుటి రైలు చూస్తారు. అసలు ముందు తేల్చుకోవాల్సింది తిరుగు రైలు. లెక్కంతా అక్కడి నుంచి వెనక్కి వేసుకోవాలి.

లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి పారిస్ గార్ ద్యు నోర్ స్టేషన్‌కు యూరోస్టార్ రైల్లో సుమారు 2 గంటల 20 నిమిషాలు. పారిస్ గడియారం లండన్ కంటే గంట ముందుంటుంది. కాబట్టి ఇక్కడ 7 గంటలకు ఎక్కితే దిగేసరికి అక్కడ 10:20. స్టేషన్ బయటపడేసరికి ఇంకో పావుగంట. రాత్రి 8 గంటల రైలుకు తిరిగి రావాలంటే 6:30 కల్లా స్టేషన్‌లో ఉండాలి, అంటే ఊళ్లోంచి 5:45కి కదలాలి. చేతిలో మిగిలేది ఏడు గంటలు. వెళ్లేటప్పుడు పోయిన గంట వచ్చేటప్పుడు దొరుకుతుంది నిజమే, కానీ అది లండన్‌లో దొరుకుతుంది!

ఆ ఏడు గంటలు పెంచుకోవాలని 6 గంటల ప్రాంతంలో ఉండే మొదటి రైలు తీసుకునేవాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. మామూలు టికెట్ వాళ్లకు గేట్లు రైలు కదలడానికి 30 నిమిషాల ముందే మూసేస్తారు. మామూలు రోజుల్లో మొదటి ట్యూబ్ (లండన్ మెట్రో) ఆ టైముకు మిమ్మల్ని చేర్చదు. నైట్ బస్సో, టాక్సీయో మాట్లాడుకోవాలి. శుక్ర, శనివారాల రాత్రి విక్టోరియా, పిక్కడిల్లీ లైన్లు తెల్లవార్లూ సెయింట్ పాంక్రాస్‌కు ఆనుకుని ఉన్న కింగ్స్ క్రాస్ మీదుగా నడుస్తాయి కాబట్టి శని, ఆదివారాల పొద్దున ఆ లైన్ల మీద ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు. నార్తర్న్ లైన్ కూడా రాత్రంతా నడుస్తుంది గానీ చేరింగ్ క్రాస్ వైపు మాత్రమే. కింగ్స్ క్రాస్‌కు రాదు.

తిరుగు ప్రయాణానికి ఆ రోజు చివరి రైలు తీసుకోకండి. దానికి ముందుది తీసుకుంటే, అది రద్దయినా వెనక ఇంకోటి ఉంటుంది. చివరిదే రద్దయితే ఆ రాత్రి పారిస్‌లోనే.

ఇక కాగితాలు. యూకే వీసా ఉంటే ఫ్రాన్స్ వెళ్లొచ్చనుకోవడం పెద్ద పొరపాటు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఒక్క పూటకైనా షెంగెన్ వీసా (ఫ్రాన్స్‌తో పాటు చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా) కావాలి. పెద్దలకు ఫీజు 90 యూరోలు, వీసా సెంటర్ చార్జీ దానికి అదనం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. వేసవిలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి ఆ 15 రోజుల్ని నమ్ముకోవద్దు. కనీసం 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా జత చేయాలి.

అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే ఇంకా జాగ్రత్త. షెంగెన్ వీసాకు మామూలుగా తాము నివాసం ఉండే దేశంలోనే అప్లై చేయాలి. లండన్ వచ్చాక ఆలోచిద్దాం అంటే కుదరదు. ఇండియాలో బయల్దేరక ముందే తీసుకోవాలి. వాళ్ల యూకే వీసా ఒకసారి కంటే ఎక్కువసార్లు రావడానికి చెల్లుతుందో లేదో కూడా చూడండి.

యూకేలో చదువు, ఉద్యోగ వీసాలపై ఉన్నవాళ్లు తమ ఈ-వీసా అకౌంట్‌లో ప్రస్తుత పాస్‌పోర్టు నంబరే ఉందో లేదో బయల్దేరే ముందే సరిచూసుకోవాలి. పాస్‌పోర్టు కొత్తది తీసుకుని అకౌంట్‌లో మార్చకపోతే ఆ చిక్కు తిరిగొచ్చేటప్పుడు పారిస్ స్టేషన్‌లో బయటపడుతుంది, అక్కడేమో రైలుకు టైమైపోతుంటుంది.

సెయింట్ పాంక్రాస్‌లో వరసగా టికెట్ గేటు, బ్యాగుల స్కానింగ్, ఆ తర్వాత ఫ్రెంచ్ పోలీసుల పాస్‌పోర్ట్ చెకింగ్ ఉంటాయి. ఫ్రాన్స్‌లోకి అడుగుపెట్టే తంతు లండన్‌లోనే అయిపోతుందన్నమాట. 2025 అక్టోబర్ 12న మొదలైన ఈఈఎస్ (యూరప్‌లోకి రాకపోకలను కంప్యూటర్‌లో నమోదు చేసే) పద్ధతిలో మొదటిసారి వెళ్లేవాళ్ల ముఖం ఫొటో తీస్తారు. బ్రిటిష్ పాస్‌పోర్టులాంటివి ఉండి వీసా అక్కర్లేనివాళ్లకు వేలిముద్రలూ తీసుకుంటారు. ఇది కొత్త అయితే టికెట్ మీద చెప్పిన టైముకు ఇంకో పావుగంట ముందే వెళ్లండి. నీళ్ల సీసాలకు విమానంలోలా 100 మిల్లీలీటర్ల పరిమితి లేదు. కానీ మాంసం, పాలపదార్థాలు బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు. డబ్బాలో పెరుగన్నం కూడా అందులోకే వస్తుంది.

రైల్లో ఉండగానే పారిస్ మెట్రో టికెట్ ఫోన్‌లో కొనేయండి. ఇల్ ద ఫ్రాన్స్ మొబిలిటే యాప్‌లో దొరుకుతుంది. ఈ పని స్టేషన్‌కు వదిలేస్తే మెషీన్ల దగ్గర క్యూలో అరగంట పోవచ్చు. 2025 జనవరి నుంచి మెట్రోకు, శివార్ల దాకా వెళ్లే ఆర్‌ఈఆర్ రైళ్లకు దూరంతో పని లేకుండా ఒకే ధర పెట్టారు. మొదట 2.50 యూరోలు, జనవరిలో కాస్త పెరుగుతూ ఉంటుంది. ఎయిర్‌పోర్టులకు మాత్రం వేరే టికెట్. ఫోన్ వద్దనుకుంటే టికెట్లు నింపుకునే నవిగో ఈజీ కార్డు 2 యూరోలు. ఒక కార్డు మీద ఇద్దరు కలిసి ప్రయాణం చేయలేరు, మనిషికొకటి ఉండాల్సిందే.

ఏం చూడాలన్నది మీ ఇష్టం గానీ, లోపలికెళ్లి చూసే పెద్ద చోటు ఒక్కటే పెట్టుకోండి. లూవ్ర్, ఐఫెల్ టవర్ రెండూ చూడాలనుకుంటే రోజంతా క్యూలలోనే సరిపోతుంది. లూవ్ర్‌కు మంగళవారం సెలవు, ఓర్సే మ్యూజియంకు సోమవారం. ఐఫెల్ టవర్ లిఫ్ట్ టికెట్లు అధికారిక సైట్‌లో 60 రోజుల ముందు వదులుతారు, రద్దీ రోజులవి త్వరగా అయిపోతాయి. నోత్ర్ దామ్ చర్చిని 2024 డిసెంబర్‌లో మళ్లీ తెరిచారు. లోపలికి ప్రవేశం ఉచితం, స్లాట్ బుకింగ్ కూడా ఉచితమే. కాబట్టి ప్రవేశ టికెట్ అంటూ ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

దారి ఇలా పెట్టుకుంటే వెనక్కీ ముందుకీ తిరగక్కర్లేదు. గార్ ద్యు నోర్‌లో ఆర్‌ఈఆర్ బి ఎక్కి రెండో స్టాప్ సెయింట్ మిషెల్ నోత్ర్ దామ్‌లో దిగండి. చర్చి చూసుకుని సెన్ నది ఒడ్డునే లూవ్ర్ మీదుగా, త్యూలరీ తోట దాకా నడవండి. వంతెన దాటి ఓర్సే మ్యూజియం దగ్గర ఆర్‌ఈఆర్ సి ఎక్కితే మూడో స్టాప్ ఐఫెల్ టవర్‌ది. ఈ సి లైన్ వేసవిలో మరమ్మతులకు కొన్ని వారాలు ఆపుతుంటారు, ముందే చూసుకోండి. టవర్ దగ్గర నుంచి నది దాటి త్రొకాదెరో వెళ్లి మెట్రో 6లో ఎత్వాల్, అక్కడ మెట్రో 2కు మారి లా షపెల్‌లో దిగితే గార్ ద్యు నోర్‌కు లోపలి నుంచే నడకదారి. దీనికి ముప్పావుగంట ఉంచుకోండి.

మెట్రో 4, ఆర్‌ఈఆర్ బి జేబుదొంగలకు పేరుపడ్డవి. ఫోన్ వెనక జేబులో ఉండకూడదు. అట్ట చూపించి సంతకం పెట్టమనేవాళ్ల దగ్గర, మొంమార్త్ర్ మెట్ల మీద చేతికి దారం కట్టబోయేవాళ్ల దగ్గర ఆగకండి.

తిరుగు రైలుకు గార్ ద్యు నోర్‌లో పై అంతస్తుకు వెళ్లాలి, కింద ప్లాట్‌ఫాంల దగ్గర వెతికితే దొరకదు. ఈసారి ఫ్రెంచ్ చెకింగ్, వెంటనే బ్రిటిష్ చెకింగ్, ఆ తర్వాత స్కానింగ్. చాక్లెట్లు, బ్రెడ్డు తెచ్చుకోవచ్చు. చీజ్ కుదరదు. పశువుల్లో గాలికుంటు వ్యాధి కారణంగా 2025 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ నుంచి ఆవు, గొర్రె, మేక, పంది మాంసాన్ని, పాలపదార్థాలను సొంతానికైనా తేకూడదని బ్రిటన్ నిషేధించింది.

రైలు గంటకు పైగా ఆలస్యమైతే ఆ వైపు టికెట్ ధరలో కొంత వెనక్కి అడగవచ్చు, బుకింగ్ నంబరు పారేయకండి. లండన్‌లో దిగాక మళ్లీ పాస్‌పోర్ట్ క్యూ ఉండదు. అది పారిస్‌లోనే అయిపోయింది కాబట్టి నేరుగా ట్యూబ్ ఎక్కేయవచ్చు.